మూడో గడి

పోయిన వారం మార్లీస్ కంగస్‌ని స్కూలు వంటింట్లో, చేతిలో గరిటెతో వదిలిపెట్టాం. భోజనాలకి వరసలో నిలబడ్డ పిల్లలందరి ముందూ స్కూలు కౌన్సెలర్ గస్ ప్రిబిచ్‌ని పట్టుకుని ఆవిడ నోటికొచ్చినట్టు తిట్టేసింది. ఎందుకో కొత్తగా వచ్చినవాళ్లకి చెప్పాలి కదా. ఆమె కూతురు ఐలా హైస్కూలు ఆఖరి ఏడాది చదువుతూనే, పక్క ఊరి కాలేజీకి వెళ్లి ఇంగ్లీషు కోర్సు చేసింది. ఆ చుట్టుపక్కల స్కూళ్లన్నిట్లో ఆ వీలుంది. మార్కులు బాగానే వచ్చాయి. స్కూల్లో చదవాల్సిన ఇంగ్లీషు దాంతో తీరిపోయిందనుకుంది పిల్ల. ఇంకో తొమ్మిది రోజుల్లో పట్టా పుచ్చుకోవాలి, గౌను కూడా కొలత చూసుకుంది, అప్పుడొచ్చింది స్కూలు నుంచి ఉత్తరం. ఆ కోర్సు కాలేజీ లెక్కలోకే వస్తుంది, స్కూలు లెక్కలోకి రాదు. ఇంగ్లీషు లేదు కాబట్టి పట్టా లేదు. పట్టా లేకపోతే డులూత్ నగరంలో ఇస్తామన్న నర్సింగ్ సీటు కూడా లేనట్టే.

కాగితాలు చూసేది ప్రిబిచ్. కాబట్టి తప్పు ప్రిబిచ్‌దేనని తల్లీకూతుళ్లు తేల్చేసుకున్నారు. ఊరు కూడా వాళ్ల వైపే మాట్లాడింది.

ఇవాళ బుధవారం. సాయంత్రం ఆరింటికి స్కూల్ బోర్డు కూర్చుంటుంది. ఐలా సంగతి అక్కడ తేలాలి.

మధ్యాహ్నం భోజనాలు అయిపోవస్తున్నాయి. మార్లీస్ పెద్ద ట్రేల అడుగున అంటుకున్న మాడు గీకుతోంది. మూడు రాత్రులుగా నిద్ర లేదు, కళ్లు మండుతున్నాయి. పక్కన ఫెర్న్ గిన్నెలు తుడుస్తోంది. ఇద్దరూ పధ్నాలుగేళ్లుగా ఈ వంటింట్లోనే ఉన్నారు.

"అదుగో, వస్తున్నాడు నీ మొగుడు" అంది ఫెర్న్ గొంతు తగ్గించి, వెటకారంగా.

"నోరు మూసుకోవే."

ప్రిబిచ్ ఖాళీ పళ్లెం తెచ్చి గట్టు మీద పెట్టాడు. పొడుగ్గా, కొంచెం వంగి ఉంటాడు. పళ్లెంలో తిండి తిన్నట్టే లేదు. "మార్లీస్, పనయ్యాక ఒక్కసారి నా గదికి రామ్మా" అన్నాడు. మొన్న అన్ని తిట్లు తిన్న మనిషి గొంతులో కోపం లేదు. మార్లీస్‌కి అదే నచ్చలేదు.

ఆయన వెళ్లాక ఫెర్న్ అంది, "వెళ్లకే. వెళ్తే కాళ్లు పట్టుకుంటాడు. నువ్వు కరిగిపోతావు."

"పట్టుకుంటే తంతాను."

"నువ్వా? ఎలక బోనులో పడితేనే తీసుకెళ్లి వదిలేసొచ్చావు."

మార్లీస్ నవ్వలేదు. చేతులు తుడుచుకుంది. తల మీద జుట్టుకి పెట్టుకున్న వల కూడా తియ్యకుండానే వెళ్లింది.

కౌన్సెలర్ గది చిన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు. కిటికీలోంచి బస్సులు కనిపిస్తాయి. ఆయనే పొద్దున్నా సాయంత్రం పిల్లల్ని బస్సులెక్కిస్తాడు, ఆయనే పరీక్షలు పెట్టిస్తాడు, ఆయనే అందరి కాగితాలూ చూస్తాడు. చిన్న స్కూలు.

"కూర్చో."

"నిలబడతాను. చెప్పండి."

"కూర్చోమ్మా. కూర్చోకపోతే నేను చెప్పలేను."

కూర్చుంది. ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె వైపు తిప్పి పెట్టాడు. సెప్టెంబర్‌లో కాలేజీ కోర్సు కోసం ఇంటివాళ్లు సంతకం చేసిన ఫారం. పైన ఐలా పేరు, కింద మార్లీస్ సంతకం. మధ్యలో మూడు గడులు. మొదటి గడి, హైస్కూలు లెక్కకి. రెండోది, కాలేజీ లెక్కకి. మూడోది, రెండింటికీ.

టిక్కు రెండో గడిలో ఉంది. నల్లగా, లావుగా, జిడ్డుగా ఉంది.

అది పెన్నుతో పెట్టింది కాదు. వంటింట్లో డబ్బాల మీద తేదీ రాయడానికి మైనపు పెన్సిల్ ఒకటుంటుంది. తడి డబ్బా మీద కూడా రాస్తుంది. ఆ స్కూల్లో ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. మార్లీస్ ఏప్రాన్ జేబులో అది ఎప్పుడూ ఉంటుంది. ఇప్పుడూ ఉంది.

ఆమె వేలు కాగితం మీద పెట్టి, వెంటనే తీసేసింది.

"ఎప్పుడు చూశారు ఇది?"

"నిన్న సాయంత్రం. నేనే పెట్టాననుకున్నానమ్మా ఇన్నాళ్లూ. ఊరంతా తిడుతుంటే, అసలు ఏం వెధవపని చేశానో చూద్దామని తీశాను."

మార్లీస్‌కి అంతా కళ్లకి కట్టింది. సెప్టెంబర్ మొదటి వారం, చికెన్ పెట్టే రోజు, వరస గుమ్మం దాకా ఉంది. ప్రిబిచ్ వడ్డించే గట్టుకి అడ్డంగా ఉన్న గాజు పలక మీదుగా కాగితం చాచాడు. "ఇక్కడో టిక్కు, కింద ఓ సంతకం, మార్లీస్, బస్సు వచ్చేస్తోంది" అన్నాడు. చేతికి ప్లాస్టిక్ తొడుగు. జేబులో చేతికి దొరికిన పెన్సిల్ తీసింది. మూడు గడులు చూసింది. ఆఖరిదాంట్లో 'రెండూ' అని ఉంది. చెయ్యి దానంతట అదే వెనక్కి పోయింది.

ఎందుకు పోయిందో ఆ గనుల ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. పదేళ్ల కిందట గని మూతపడ్డప్పుడు కంపెనీవాళ్లు మనిషికో కాగితం ఇచ్చారు. దాంట్లోనూ మూడు గడులే. మళ్లీ తెరిస్తే పని అడిగే హక్కు ఒకటి, ఇప్పుడే చేతికిచ్చే సొమ్ము ఒకటి, మూడోది రెండూ. రెండూ అంటే రెండూ వస్తాయనుకుని వీధులకి వీధులు మూడో గడిలో టిక్కు పెట్టాయి. చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉందట. సొమ్ము సగమైంది, గని తెరిచినా వాళ్లని పిలవలేదు. మార్లీస్ మొగుడు రీనో ఆ తర్వాత దుంగల లారీ తోలే పనికి వెళ్లాడు. ఒక ఫిబ్రవరిలో నున్నటి మంచు రోడ్డు మీద లారీ జారి ప్రాణం పోయింది. అప్పట్నుంచీ ఆ వీధిలో ఏ కాగితం వచ్చినా, బడిదైనా ఆస్పత్రిదైనా, 'రెండూ' అని ఉన్న గడి జోలికి ఎవరూ పోరు. పిల్లలకి కూడా అదే నేర్పారు. కూతురికి కావాల్సింది కాలేజీ. కాలేజీ అని ఉన్న గడిలో పెడితే చాలనుకుంది మార్లీస్.

"మార్చండి" అంది. "ఇప్పుడు పెడతాను. మూడో గడిలో పెడతాను. పెన్ను ఇవ్వండి."

ప్రిబిచ్ తల అడ్డంగా ఊపాడు. బోర్డు నియమాలున్న నీలం ఫైలు తెరిచి చదివాడు. టర్ము మొదలైన రెండో శుక్రవారం దాటాక ఏ గడిలో టిక్కు ఉందో అదే ఖాయం. స్కూలు సిబ్బంది పొరపాటు అయితే మాత్రం బోర్డు సరిచేయొచ్చు.

"ఇంటివాళ్ల పొరపాటైతే?"

"దాని గురించి రాయలేదు."

"రాయకపోతే?"

"రాయకపోతే కుదరదనే."

మార్లీస్ తల మీది వల లాగేసి గుప్పిట్లో నలిపింది. మొన్న వంటింట్లో తాను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వినిపిస్తున్నాయి. పనికిమాలినవాడా అంది. నా కూతురి బతుకు నాకేశావు అంది. పిల్లలు విన్నారు. ఐలా విని చప్పట్లు కొట్టినంత పని చేసింది.

ప్రిబిచ్ కాగితం మడిచాడు. "సాయంత్రం నేను లేచి, ఆ టిక్కు నేనే పెట్టానని చెబుతాను. సిబ్బంది పొరపాటు. సరిచేస్తారు. పిల్ల పట్టా పుచ్చుకుంటుంది."

"మీకు పిచ్చా?"

"ఉండొచ్చు."

"జనవరిలో మీకు బోర్డు కాగితం ఇచ్చింది కదా. ఇంకో తప్పు దొరికితే ఇంటికేనని."

"ఇచ్చింది."

"మరి ఫ్రాన్సీ?"

ఆయన కిటికీ వైపు చూశాడు. ఫ్రాన్సీ ఆయన భార్య. కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి మూడు రోజులు డయాలిసిస్‌కి వెళ్లాలి. ఆ వైద్యమంతా ఈయన ఉద్యోగం ఇన్సూరెన్స్ మీదే నడుస్తోంది. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు.

"ఫ్రాన్సీతో మాట్లాడాను."

"ఏమంది?"

"తిట్టింది. తర్వాత నా కోటుకి ఇస్త్రీ చేసింది."

మార్లీస్‌కి ఏడుపొచ్చింది. "ఎందుకండీ? మీకు మేమేమవుతాం?"

"నియమం ఇంకోటి కూడా ఉంది మార్లీస్. తల్లినో తండ్రినో కూర్చోబెట్టి, ఏ గడి దేనికో విడమరిచి చెప్పాలి. అది నా పని. ఈ ఏడాది పదకొండు మంది కాగితాలు వచ్చాయి. పదకొండూ నడుస్తూ నడుస్తూ సంతకం పెట్టించాను. నీది చికెన్ వడ్డిస్తుంటే పెట్టించాను. మిగతా పదిమందికీ సరిగ్గా పడింది, అది నా అదృష్టం. బోర్డు ఇదంతా చూడదు, టిక్కు ఎవరిదో అదే చూస్తుంది." కాగితం ఆమె ముందు నుంచి తీసుకుని సొరుగులో పెట్టాడు. "టిక్కు నీదే. పొరపాటు నాది కాదని మాత్రం అనకు."

మార్లీస్ సరే అనలేదు. వద్దు అని కూడా అనలేదు. లేచి, తలుపు నెమ్మదిగా వేసి వచ్చేసింది. వద్దు అనలేకపోయిన సంగతి ఆమెకి బస్సులు నిలిచే చోటుదాకా వచ్చాక తెలిసింది. అక్కడే, ఎవరూ లేని బెంచీ మీద కూలబడింది.

ఇంటికి వెళ్లేసరికి ఐలా వంటింట్లో నిలబడి తింటోంది. ఉత్తరం వచ్చిన రోజు నుంచీ ఆ పిల్ల సరిగ్గా తిండి ముట్టలేదు. కాఫీలో ముంచిన బ్రెడ్డు ముక్క తిని లేచిపోయేది. ఇవాళ మాంసం, దుంపలు కూరి కాల్చిన పాస్టీ ఒకటి అయిపోయింది, రెండోది చేతిలో ఉంది, పెదాల మీద దాని పొడి.

"అమ్మా! ఒప్పుకున్నాడటగా! ఫెర్న్ ఆంటీ ఫోన్ చేసింది. ప్రిన్సిపాల్‌కి చెప్పేశాడట, తప్పు నాదేనని."

"ఆ."

"మొహం అలా పెట్టావేంటి? నీ తిట్లు పనిచేశాయమ్మా! ఊళ్లో నీకు విగ్రహం పెట్టాలి, చేతిలో గరిటెతో."

"ఐలా..."

"నేనే చెబుతున్నా కదా మొదట్నుంచీ, ఆ ముసలాడికి కాగితం తిన్నగా చూడ్డం రాదని. అలాంటివాణ్ణి ఉంచకూడదమ్మా అసలు. నాలాగా ఇంకెంతమందికి చేస్తాడు?" పిల్ల ఇంకో ముక్క కొరికింది. "నువ్వూ తిను. వేడిగా ఉంది. చెప్పూ, ఏదో చెప్పబోయావు?"

మార్లీస్ కూతురి మొహం చూసింది. మూడు రోజుల తర్వాత రంగొచ్చింది ఆ మొహానికి. ఆ టిక్కు నేనే పెట్టానే అని చెప్పడానికి నోరు తెరిచింది.

"గౌను ఇస్త్రీ చెయ్యాలేమో" అంది.

స్కూలు లైబ్రరీలో బోర్డు కూర్చుంది. ఆరుగురు సభ్యులు, వాళ్ల మధ్యలో ఏడో మనిషి అధ్యక్షురాలు బెర్నిస్ హెడ్‌స్ట్రామ్. ఆవిడ ముందూ అలాంటి నీలం ఫైలే. పందొమ్మిదేళ్లుగా ఆవిడ ఆ ఫైల్లో ఉన్న మాట ఒక్కటి కూడా దాటలేదని పేరు. ఊళ్లోవాళ్లు చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. జనం ఎప్పుడూ లేనంతగా వచ్చారు. బయట ఇంకా ఎండ ఉంది.

ప్రిబిచ్ లేచాడు. ఇస్త్రీ కోటు వేసుకున్నాడు.

"ఐలా కంగస్ ఫారంలో టిక్కు నేను పెట్టాను. తప్పు గడిలో పెట్టాను. సిబ్బంది పొరపాటు. ఆ కోర్సుకి పిల్లకి స్కూలు క్రెడిట్ ఇవ్వాలని బోర్డుని అడుగుతున్నాను."

గుసగుసలు. వెనకాల ఎవరో "చూశావా" అన్నారు. ఐలా తల్లి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

వువోరి అని ఒక సభ్యుడు, ట్రాక్టర్ల దుకాణం నడుపుతాడు, ముందుకు వంగాడు. "జనవరిలో మేం ఏం చెప్పాం గస్?"

"ఇంకోటి జరిగితే వెళ్లిపొమ్మన్నారు."

"మరి?"

ప్రిబిచ్ కోటు లోపలి జేబులోంచి కవరు తీశాడు. ముందే రాసుకుని తెచ్చుకున్నాడు. నడిచి వెళ్లి హెడ్‌స్ట్రామ్ ముందు పెట్టాడు. మళ్లీ తన చోటికి వెళ్లి నిలబడ్డాడు. కూర్చోలేదు.

"ఎవరైనా ఏమైనా మాట్లాడాలా?" అంది హెడ్‌స్ట్రామ్.

మార్లీస్ ఆ కవరునే చూస్తోంది. ఇంకో నిమిషం ఊరుకుంటే చాలు. ఊపిరి బిగబట్టి ఊరుకుంటే చాలు, పిల్ల డులూత్ వెళ్తుంది, తెల్ల బట్టలు కట్టుకుంటుంది, తనలాగా మాడు ట్రేలు గీకక్కర్లేదు. ఊరుకో, ఊరుకో అని తనకి తనే చెప్పుకుంది. చెప్పుకుంటూనే లేచి నిలబడింది. చిన్న కుర్చీ వెనక్కి పడింది.

"ఆ టిక్కు నాది."

"అమ్మా, ఏం చేస్తున్నావ్?" ఐలా ఆమె చొక్కా అంచు లాగింది. "కూర్చో. గెలిచాం. కూర్చో!"

"ఆ టిక్కు నేను పెట్టాను హెడ్‌స్ట్రామ్ గారూ. మా వంటింటి మైనపు పెన్సిల్‌తో పెట్టాను. ఫారం తీసి గోరుతో గీకి చూడండి, రాలుతుంది. 'రెండూ' అని ఉంటే భయమేసి పెట్టలేదు. ఆయనకి నిన్నటిదాకా తెలీదు. నేను ఆయన్ని అందరి ముందూ తిట్టాను. అందరి ముందే చెబుతున్నాను."

ఐలా చెయ్యి చొక్కా వదిలేసింది.

"మార్లీస్, ఎంత పని చేశావమ్మా" అన్నాడు ప్రిబిచ్. గోడకి ఆనుకున్నాడు.

హెడ్‌స్ట్రామ్ ఫారం తీసింది. గోరుతో గీకింది. గోరు చూసుకుంది. తర్వాత కవరు తీసి, విప్పకుండానే ప్రిబిచ్ వైపు బల్ల మీద జరిపింది. ఫైలు తెరిచి నియమం పైకి చదివింది. సిబ్బంది పొరపాటు అయితే. ఆ మాట దగ్గర ఆగింది.

"అయితే ఈ నియమం ఇక్కడికి రాదు" అంది.

సల్మెలా అని పెద్దాయన, ఆరుగురిలో ఒకడు, పాత గనిమనిషి, చెయ్యెత్తాడు. "రీనో పక్కన నిలబడి నేనూ పెట్టాను ఆ మూడో గడి టిక్కు. ఇప్పటికీ మా ఆవిడ నా చేతికి కాగితం ఇవ్వదు. ఆ పిల్ల కోర్సు చదివిందా లేదా? చదివింది. పాసయిందా? అయింది. నియమం పక్కన పెట్టి ఇచ్చేద్దామని నేను ప్రతిపాదిస్తున్నాను."

"పోయిన ఏడాది లెహ్టో వాళ్ల అబ్బాయి కూడా చదివాడు, పాసయ్యాడు" అన్నాడు వువోరి. "అదే శుక్రవారం దాటిందని మనమే కాదన్నాం. వాళ్లమ్మ ఇక్కడే ఏడ్చింది. ఆ అబ్బాయి ఇప్పుడు నా దుకాణంలో బోల్టులు బిగిస్తున్నాడు. రేపు పొద్దున వాడి మొహం ఎలా చూడమంటావు?"

సల్మెలా ఎత్తిన చెయ్యి దించాడు.

చేతులెత్తమన్నారు. ఇద్దామన్నవాళ్లు ముగ్గురు. వద్దన్నవాళ్లు ముగ్గురు. అందరూ హెడ్‌స్ట్రామ్ వైపు తిరిగారు.

ఆవిడ కళ్లజోడు తీసి ఫైలు మీద పెట్టింది. కిటికీ అద్దానికి ఒక ఈగ కొట్టుకుంటోంది.

"ఐలా, ఇటు రామ్మా."

పిల్ల లేచింది. తల్లి పక్కనుంచి వెళ్తూ ఆమెని తాకకుండా ఒదిగి వెళ్లింది. బల్ల ముందు నిలబడింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"అయిదు నిమిషాల కిందట నీ పట్టా నీ చేతిలో ఉంది" అంది హెడ్‌స్ట్రామ్. "గస్ ఇంటికెళ్లేవాడు, నువ్వు డులూత్ వెళ్లేదానివి. ఎవరికీ తెలిసేది కాదు. నా ఓటు వెయ్యబోయే ముందు నిన్నొకటి అడుగుతాను. నాకు నచ్చే జవాబు చెప్పకు, నిజం చెప్పు. మీ అమ్మ లేవకుండా ఉంటే బాగుండేదా?"

ఐలా వెనక్కి తిరిగి తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపు మార్లీస్ ఇంతకుముందు ఆ పిల్ల కళ్లలో ఎన్నడూ చూడలేదు.

"బాగుండేది" అంది ఐలా. "కానీ..."

(మిగతా వచ్చే వారం)